మూడో చిల్లు

బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. ఆ సామెత పుట్టించినవాడికి మన మెకానిక్ సంగతి తెలియదు.

మెకానిక్ అంటే లిఫ్టుల మెకానిక్. పట్నంలో పదకొండు భవనాల లిఫ్టులు అతని చేతి మీదే నడుస్తాయి. ఏ అంతస్తులో తలుపు మూసుకోకపోయినా, ఎవరు మధ్యలో ఇరుక్కున్నా ఫోను అతనికే. అలాంటివాడు పది రోజులు సెలవు పెట్టి, బస్సు ఆగిపోయే చివరి ఊరి నుంచి రెండు రోజులు కాలినడకన అడవిలోకి వచ్చాడంటే దానికి కారణం వాళ్ళమ్మ. "మీ అక్క ఎలా బతుకుతోందో ఒక్కసారి నీ కళ్ళతో చూసి రారా" అని ఆమె ఏడాదిగా అతని ప్రాణం తోడేస్తోంది.

పద్నాలుగేళ్ళ కిందట అక్కా బావా ఉద్యోగాలు వదిలేసి అడవికి పోతామన్నప్పుడు చుట్టాలంతా పందేలు కాశారు. ఆర్నెల్లు ఉంటారని కొందరు, మొదటి వానకే తిరిగొస్తారని కొందరు. బావ అప్పట్లో ప్రెస్సులో అచ్చు యంత్రం నడిపేవాడు. అక్క ఆసుపత్రిలో, విరిగిన ఎముకలకి పిండికట్లు వేసే గదిలో పనిచేసేది. పందెం గెలిచినవాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు.

ఆ ఇల్లు చూశాక ఎందుకు లేడో మెకానిక్‌కి అర్థమైంది. దుంగ మీద దుంగ పేర్చి, కొసలు ఒకదాన్నొకటి కరుచుకునేలా చెక్కి కట్టిన ఇల్లది. ఒక్క ఇనప మేకు లేదు. పై గట్టున ఊట నుంచి, తొలిచిన దుంగల్లో నీళ్ళు నడిచి నడిచి వంటింటి కిటికీలోకి వచ్చి పడతాయి. నేలమాళిగలో ఇసకలో పూడ్చిన దుంపలు. అటక మీద ఎండిన చిక్కుడు గింజలు, పొగబెట్టిన చేపలు, మైనంతో మూతలు బిగించిన తేనె జాడీలు. ఒంటికి రాసుకునే సబ్బు కూడా బూడిద నీళ్ళలోంచి అక్క తీసిందే. బయట నుంచి వచ్చేవి మూడే: ఉప్పు, ఇనుము, అగ్గిపుల్లలు. ఏడాదికోసారి బావ నడిచి వెళ్ళి మోసుకొస్తాడు.

"ఏరా లిఫ్టూ, మీ ఊళ్ళో మెట్లెక్కితే జరిమానా వేస్తారటగా?" అన్నాడు బావ మొదటిరోజు, బొబ్బలెక్కిన అతని పాదాలు చూసి.

"మెట్లెక్కేవాళ్ళుంటే మేం పస్తులుండాలి బావా."

బావ పడీపడీ నవ్వి, తలుపు పక్కన గోడకి బిగించిన ఒక పలక చూపించాడు. మూరెడు పొడుగు పలక. దానికి నిలువునా చిల్లులు. మొదట రెండు వరసలే ఉండేవి, ఒకటి బావకి, ఒకటి అక్కకి. బావమరిది వస్తున్నాడని మూడో వరస కొత్తగా తొలిచాడు. వరసకి ఆరు చిల్లులు. ఒక్కో వరసలో ఒక్కో చెక్క మేకు.

"అందరికన్నా కింది చిల్లు ఇల్లు. పైకి పోయేకొద్దీ దూరం. ఎవరు ఎక్కడికి పోతే వాళ్ళ మేకు ఆ చిల్లులో గుచ్చి పోవాలి. మేకు మార్చకుండా గడప దాటకూడదు. అది ఈ ఇంటి రాజ్యాంగం. భోజనం వేళకి మేకు కిందికి దిగలేదా, రెండోవాళ్ళు చేతిలో పని చేతిలోనే వదిలేసి ఆ దారి పట్టాలి. ఫోన్లు లేవు, కేకేస్తే పలికేవాడు లేడు. మాకు దిక్కు ఈ మేకే."

"మూడు లిఫ్టులూ, ఆరు అంతస్తులూ!" అన్నాడు మెకానిక్.

"మీ లిఫ్టుల్లా కాదులే. ఇందులో పద్నాలుగేళ్ళుగా ఎవరూ ఇరుక్కోలేదు."

ఏ చిల్లు ఏ చోటో కూడా బావ చెప్పాడు. చిల్లుల పక్కన రాతలు లేవు. ఇద్దరే మనుషులు, ఇద్దరికీ కంఠతా వచ్చు, ఇంక రాతలెందుకు? కానీ ఆ సమయానికి మెకానిక్ పాదాలు వేడినీళ్ళలో ఉన్నాయి. సుఖానికి కళ్ళు మూతలు పడుతున్నాయి. బావ చెప్పినదంతా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాడు.

రెండోరోజంతా అక్క చేత తిట్లే తిన్నాడు. మేకల దొడ్డి తడిక వెయ్యడం మరిచిపోతే అవి మడిలో పడి చిక్కుడు మొలకలు నమిలేశాయి. పొయ్యి రాజెయ్యమంటే తొమ్మిది అగ్గిపుల్లలు కాల్చాడు.

"తొమ్మిదా? పొయ్యి వెలిగించావా, పెళ్ళి ఊరేగింపు తీశావా?" అంది అక్క. "నిన్ను నమ్మి పదకొండు భవనాల జనం ఎలా ఎక్కి దిగుతున్నార్రా?"

మూడోరోజు తెల్లవారేసరికి వాన పట్టుకుంది. అక్క అప్పటికే మడిలో ఉంది, వాన నీళ్ళు మొక్కల మొదళ్ళు కోసేయకుండా కాలవలు తీస్తూ. మెకానిక్ ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు.

బావ గొంతు తలుపు దగ్గర నుంచి వినిపించింది. "ఏయ్ లిఫ్టూ! మూడుకి పోతున్నా. భోజనానికి వచ్చేస్తా."

"ఊఁ" అన్నాడు మెకానిక్.

కాసేపటికి లేచాడు. ఈరోజైనా మంచివాడనిపించుకుందామని మడిలో అక్కకి సాయం వెళ్ళాడు. ఆమె నాలుగు పారలు వేసేలోపు అతను ఒకటి వేశాడు. మోకాలి దాకా బురదలో దిగబడ్డాడు. "నువ్వు వెళ్ళి పొయ్యి చూడు నాయనా, అదే పదివేలు" అని అక్క తరిమేసింది. ఇంట్లోకి వచ్చి, నీళ్ళోడుతున్న బరువైన వానకోటు విప్పి, కళ్ళెదురుగా కనిపించిన మేకుకి తగిలించాడు.

టక్కుమంది. కోటూ, మేకూ కింద పడ్డాయి.

పడింది బావ మేకు.

మెకానిక్ అటూ ఇటూ చూశాడు. అక్క మడిలోనే ఉంది. పిలిచి అడగొచ్చు. అడిగితే మేకల సంగతీ అగ్గిపుల్లల సంగతీ మళ్ళీ మొదటి నుంచి వినాలి. అయినా అడగడమెందుకు? బావ తన చెవిలోనే చెప్పి వెళ్ళాడు కదా, మూడని. కింది నుంచి వేలు పెట్టి లెక్కపెట్టాడు. మూడు. అక్కడ మేకు గుచ్చి, గట్టిగా ఉందో లేదో రెండుసార్లు కదిపి చూశాడు. పని విషయంలో అతను అంత జాగ్రత్త మనిషి. కోటు తీసుకెళ్ళి కుర్చీ మీద ఆరేసి, ఒకే ఒక్క పుల్లతో పొయ్యి వెలిగించాడు.

భోజనం వేళకి వాన కాస్త సన్నబడింది. అక్క వచ్చి కాళ్ళు కడుక్కుంది. తన మేకు కిందికి దింపి, పక్క వరస వంక చూసింది.

"ఈయన తేనె దగ్గరికి పోయాడా?" అంది. "ఈ వానలో తేనెతో ఏం పని?"

మెకానిక్ పళ్ళాలు సర్దుతూ వింటున్నాడు. మూడంటే తేనె అన్నమాట అనుకున్నాడు.

"వచ్చేస్తాడులే అక్కా. కొంచెం చూద్దాం."

"చూసేది లేదు." అక్క చేతిలో గరిటె పొయ్యి గట్టు మీద పెట్టేసింది. ఉడుకుతున్న దుంపల కింద నుంచి నిప్పు లాగేసింది. గోడకున్న తాడు చుట్ట భుజానికి, గొడ్డలి నడుముకి. ఒక కంబళి మైనం గుడ్డలో చుట్టి అతని చేతికిచ్చింది. అదంతా చెయ్యడానికి ఆమెకి పట్టిన సమయంలో మెకానిక్ ఒక కాలికి బూటు తొడిగాడు.

"నీ మేకు కూడా ఎక్కించు, నా పక్కనే. ఇద్దరం అక్కడే చచ్చామనుకో, మూడోవాడికి తెలియాలిగా."

"మూడోవాడెవడక్కా ఇక్కడ?"

"మీ బావే! మనం వెతుకుతుంటే ఆయన ఇంకో దారిన ఇంటికొస్తే?"

ఇల్లు దాటి ఉత్తరం వైపు కొండ ఎక్కడం మొదలుపెట్టారు. అక్కకి నలభై ఆరేళ్ళు. ఆ నిటారు దారిలో ఆమె నడుస్తుంటే వెనక తమ్ముడు పరుగెత్తాల్సి వచ్చింది. ఆమె కళ్ళు ఒక్క క్షణం ఊరుకోవడం లేదు. ఒంగిన రెల్లు ఆకు, రాయి మీద గీరిన నాచు, తెగిన సాలెగూడు, అన్నీ చూస్తోంది. ఒకచోట ఆగి, దారికి అడ్డంగా రెండు కొమ్మల మధ్య ఉన్న గూడుని వేలితో చూపించింది.

"ఇది చెక్కుచెదరలేదు. ఆయన నాకన్నా బెత్తెడు పొడుగు. ఈ దారిన పోయుంటే మొహానికి తగలాలి."

"వానలో సాలీడు మళ్ళీ అల్లిందేమో."

"వానలో ఏ సాలీడు అల్లుతుందిరా?" అంది. కానీ ఆగలేదు. "మేకు అక్కడుంటే మనిషీ అక్కడే. పద్నాలుగేళ్ళలో ఆ మేకు నాతో అబద్ధమాడలేదు."

కళ్ళకి కనిపించిన సాలెగూటిని కాదని చెక్క మేకుని నమ్మింది అక్క. అది ఆమె తెలివితక్కువతనం కాదు. బావ మీద ఆమెకున్న నమ్మకం అంతటిది.

గంట తర్వాత తేనె చోటు చేరారు. పెద్ద బండ చూరు కింద, వాన తగలకుండా, తొలిచిన దుంగల్లో తేనెపట్లు. మూతల మీద చుట్టిన బెరడు చుట్టినట్టే ఉంది. బండకి నాలుగడుగుల అవతల లోయ. లోయ అంచున మట్టి అప్పుడే జారినట్టు ఎర్రగా, పచ్చిగా ఉంది.

అక్క అంచుకి పరుగెత్తింది. "ఏవండీ!" అని లోయలోకి కేకేసింది. లోయ ఆ కేకనే తిరిగిచ్చింది.

అక్క తాడు భుజం మీంచి దించింది. తాడు చెట్టుకి చుట్టబోతే మెకానిక్ అందుకున్నాడు. ఈ అడవిలో అతనికి తెలిసిన పని అదొక్కటే. లాగేకొద్దీ బిగిసే ముడి వేసి, రెండో కొస తన నడుం చుట్టూ తిప్పి అక్క నడుముకి కట్టాడు.

అక్క ముడి చూసింది. "ఇది బాగా వేశావు" అని అంచు మీద నుంచి దిగిపోయింది.

పట్నంలో ఇరవై అంతస్తుల గోతిలోకి దిగేటప్పుడు మెకానిక్‌కి నడుముకి పట్టీ ఉంటుంది, నెత్తిన టోపీ ఉంటుంది, పైన ఇద్దరు మనుషులుంటారు. అక్కకి ఉన్నది ఈ తాడూ, రెండు అరిచేతులూ, రెండు పాదాలూ. తడిసిన రాతి మీద ఆమె ఎక్కడ కాలు మోపితే అక్కడ రాయి ఆమెకి చోటిచ్చినట్టే ఉంది. అతను తాడు కొద్దికొద్దిగా వదులుతూ పోయాడు. కింద ఆమె బండల సందులన్నీ వెతికింది. పొదలన్నీ గొడ్డలితో తప్పించి చూసింది. చివరికి తాడు రెండుసార్లు లాగింది.

పైకి వచ్చేసరికి అరిచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి. పొద్దుటి నుంచీ మొదటిసారి కూర్చుంది.

"లేడు. పడినవాడి గుర్తు ఒక్కటి లేదు. వచ్చినవాడి గుర్తూ లేదు." తమ్ముడి వంక చూసింది. "పొద్దున ఆయన వెళ్ళేటప్పుడు నువ్వింట్లోనే ఉన్నావుగా. ఏమైనా అన్నారా?"

"అన్నాడు. మూడుకి పోతున్నా అన్నాడు."

"ఎంతకి?"

"మూడుకి."

"ఒరేయ్, తేనె నాలుగు."

"కాదక్కా, మూడే. నేను లెక్కపెట్టే కదా పెట్టాను..." అంటూ ఆగిపోయాడు.

"నువ్వు పెట్టడమేంట్రా?"

ఇంక దాచడానికి చోటు లేదు. కోటు సంగతి, టక్కుమన్న సంగతి, చెప్పకపోవడం సంగతి, అన్నీ కక్కేశాడు.

"ఎలా లెక్కపెట్టావు?"

"కింది నుంచే అక్కా. గ్రౌండు... ఫస్టు... సెకండు... థర్డు." ఇరవై ఏళ్ళుగా అతను ఏ భవనంలో అడుగుపెట్టినా కింది అంతస్తుకి అంకె లేదు. అది లెక్కలోకి రాదు. ఒకటి దాని పై నుంచే మొదలవుతుంది. "మీరు... ఇంటిని ఒకటి అంటారా?"

"ఇల్లు కాక ఇంకేముందిరా ఒకటి!"

అక్క అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. లేచి, కొండ శిఖరం వైపు చూసింది. అక్కడ మబ్బు నల్లగా, కదలకుండా కూర్చుని ఉంది.

"మూడంటే ఏరు" అంది. "పొద్దుటి నుంచీ పైన కురుస్తున్న నీళ్ళు ఏట్లోకి దిగుతున్నాయి. అసలు ఉధృతి రావడానికి ఇంకో గంట. మనం వచ్చింది ఉత్తరానికి. ఏరు దక్షిణాన. లే!"

వచ్చిన దారిన వెళ్ళలేదు. కొండ మీద నుంచి వాన నీళ్ళు జారే వాగులోకి దూకి, దాని వెంటే కిందికి పరుగెత్తింది. మెకానిక్ తాడు చుట్టుకుని వెనకే పరుగెత్తాడు. పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. బొబ్బలు చిట్లిపోయాయి. అక్క ఇంటి వెనక దొడ్లోంచి పోతూ, ఆగకుండానే గోడకి ఆనించిన గునపం లాక్కుంది. ఏరు కనపడకముందే దాని చప్పుడు వినపడింది.

ఆ ఏటికి అడ్డంగా, రెండు ఎండాకాలాలు పట్టి బావ ఒక్కడే కట్టిన రాతిగోడ ఉంది. రెండు ఒడ్లనుంచీ ఏటవాలుగా వచ్చి నడుమ ఒక సన్నని నోటి దగ్గర కలుస్తుంది. ఆ నోట్లో తీగలతో అల్లిన బుట్ట. నీటి వాలున వచ్చే చేపలు గోడ వెంట జారి బుట్టలో పడతాయి. వాళ్ళిద్దరి చలికాలపు తిండిలో సగం ఆ గోడే పెడుతుంది.

ఆ నోటి దగ్గర ఒక తల కనిపించింది.

వరద బుట్టని కొట్టుకుపోకముందే తీసేద్దామని బావ పొద్దున్నే దిగాడు. పైనుంచి కొట్టుకొచ్చిన మాను ఒకటి వచ్చి అతని కాలిని గోడకేసి అదిమేసింది. అప్పటికి నీళ్ళు మోకాళ్ళ దాకానే. ఇప్పుడు భుజాలు మునిగాయి. ఏ క్షణాన స్పృహ తప్పినా కొట్టుకుపోకుండా, నడుం పట్టీతో తనని తాను బుట్ట గుంజకి కట్టేసుకున్నాడు. పెదాలు నీలంగా మారాయి. గొంతు అరిచి అరిచి బొంగురుపోయింది.

"ఏంటింత ఆలస్యం?" అన్నాడు. "దారిలో తేనె గానీ తాగొచ్చారా?"

మెకానిక్ భుజాన ఉన్న తాడు దించాడు. దాన్ని ఒడ్డున చెట్టుకి కట్టి, రెండో కొస పట్టుకుని గోడ వెంట నీళ్ళలోకి దూకాడు. చలికి ఊపిరి ఆగిపోయింది. తాడు బావ చంకల కింద నుంచి తిప్పి బిగించాడు.

"లిఫ్టూ, ఇది నీ పనేరా. పైకెత్తు!"

అక్క నరికిచ్చిన బలమైన కర్ర ఒకటి మాను కిందికి దోపి, భుజం ఆనించి ఎత్తాడు. మాను కదల్లేదు. మళ్ళీ ఎత్తాడు. కర్ర ఫెళ్ళుమంది. నీళ్ళు బావ మెడ దాటాయి.

"ఎత్తకు!" అక్క ఒడ్డు నుంచి అరిచింది. "మాను బరువు కాదురా అది. దాన్ని నొక్కిపెట్టింది నీళ్ళు. నీళ్ళని తీసేయాలి."

గునపం పట్టుకుని అవతలి వైపు గోడ మీదకి పాకింది. ఏం చెయ్యబోతోందో మొదట బావకి తెలిసింది.

"వద్దు! గోడ ముట్టకు! చేపలు దిగే రోజులొచ్చేశాయి. చలికాలమంతా ఏం తింటాం?"

"మిమ్మల్ని ఏట్లో వదిలేసి నేనొక్కదాన్నీ చేపలు నంజుకోవాలా? నోర్మూసుకుని గడ్డం పైకెత్తండి!"

గోడలో వందల రాళ్ళున్నాయి. ఏ రాయి తీస్తే ఏది పడుతుందో ఆమెకి తెలుసు. పేర్చింది బావే అయినా ఒక్కో రాయీ ఏరి అందించింది ఆమే. అవతలి గట్టుకి రెండు బారల ఇవతల, నీటి కింద, మోకాలి చిప్పంత రాయి ఒకటి. దాని పైనే ఆ వైపు గోడంతా ఆని ఉంది. ఆమె మునిగింది. లేచింది. ఊపిరి పీల్చుకుని మళ్ళీ మునిగింది.

ఇక్కడ నీళ్ళు బావ కింది పెదవిని తాకాయి. మెకానిక్ వెనక నుంచి అతని తల రెండు చేతుల్లో పట్టుకుని ఆకాశం వైపు తిప్పాడు. 

"బావా, మేకు పడగొట్టింది నేనే. తప్పు చిల్లులో పెట్టాను. మేం తేనె దగ్గరికే పోయాం."

బావ కనుగుడ్లు పక్కకి తిరిగాయి. "తీరిగ్గా చెబుదువుగాని. ముందు తల ఇంకా పైకి పట్టి చావు."

నోట్లోకి నీళ్ళు వచ్చాయి. బావ ఉమ్మాడు. మళ్ళీ వచ్చాయి. ఈసారి ఉమ్మలేకపోయాడు.

అప్పుడు ఏటి అడుగున ఏదో పెద్ద తలుపు గడియ ఊడినట్టు చప్పుడైంది. అవతలి వైపు గోడ ఒక్కసారిగా కూలింది. ఏరంతా ఆ గండి వైపు విరుచుకుపడింది. అక్క ఎక్కడా కనిపించలేదు. మెకానిక్ కాళ్ళ కింద ఇసక జారిపోయింది. ఒక చేత్తో తాడూ, ఒక చేత్తో బావ జుట్టూ పట్టుకుని నిలబడ్డాడు. నీళ్ళు గడ్డం దిగాయి. మెడ దిగాయి. చూస్తుండగానే ఎవరో తోడేసినట్టు ఛాతీకి వచ్చాయి.

గండి కింద, ఒడ్డున ఉన్న వేళ్ళు పట్టుకుని ఒక చెయ్యి పైకి లేచింది. తర్వాత అక్క తల.

"ఇప్పుడు దొర్లించు!" దగ్గుతూ అరిచింది. "ఎత్తకు, దొర్లించు!"

విరిగిన కర్ర ముక్కతోనే మాను కొసని పక్కకి తోశాడు. ఇందాక కొండలా కూర్చున్న మాను ఇప్పుడు నిద్రలో మనిషిలా పక్కకి ఒత్తిగిల్లింది. బావ కాలు బయటికి వచ్చింది.

ఒడ్డున కంబళిలో చుట్టాక అక్క మోకాలి నుంచి మడమ దాకా వేళ్ళతో నొక్కి చూసింది. ఆమె వేళ్ళు చాలా నెమ్మదిగా, ఎప్పటి నుంచో ఆ పనిలోనే ఉన్నట్టు కదిలాయి.

"చిన్న ఎముక విరిగింది. పెద్ద ఎముక బాగానే ఉంది. చర్మం తెగలేదు. కాలి వేళ్ళు కదపండి. ఆఁ. ఇక్కడ తాకితే తెలుస్తోందా?"

"ఆసుపత్రికి తీసుకుపోదాం అక్కా. నేను మోస్తాను."

"రెండు రోజుల దారిలో ఈ కాలు ఊపుకుంటూ పోతే ఆ పెద్ద ఎముకా విరుగుతుంది. వేళ్ళు నల్లబడినా, తిమ్మిరెక్కినా అప్పుడు మోద్దువుగాని, నేనే చెబుతాను." పచ్చి బెరడు కాలి చుట్టూ దోనెలా ఒంచి, గుడ్డలు చుట్టి కట్టేసింది. ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆమె ఎన్ని వందల కాళ్ళకి కట్లు కట్టిందో గానీ, కట్టిన కట్టు విప్పి మళ్ళీ కట్టడం మాత్రం ఇదే మొదటిసారి.

ఆ తర్వాత రెండు రోజులూ గంట గంటకీ అతని కాలి వేళ్ళు నొక్కి చూసింది. అవి ఎర్రగానే ఉన్నాయి.

ఆ మర్నాడు ఎండ కాసింది. మెకానిక్ సెలవు ఇంకా నాలుగు రోజులుంది. అందులో రెండు నడకకే పోతాయి. పొద్దున్నే ఏటి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. వరద తీసింది. గోడ ఉండాల్సినచోట రాళ్ళు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. గండిలోంచి వెండి రంగు చేపలు గుంపులు గుంపులుగా, ఎవరికీ చిక్కకుండా దిగిపోతున్నాయి. ఇవి పది పన్నెండు రోజులే దిగుతాయని, ఆ తర్వాత వచ్చే ఏడాది దాకా కనిపించవని అక్క చెప్పింది. 

పట్నంలో లిఫ్టు ఆగితే లోపలివాళ్ళు గంట నొక్కుతారు. తలుపు గుద్దుతారు. ఎవరో ఒకరు రావాలి. ఎవరూ రాకపోతే ఏం చెయ్యాలో ఆ పదకొండు భవనాల్లో ఒక్కడికీ తెలియదు, అతనితో సహా. ఇక్కడ ఒక మనిషి పొద్దుటి నుంచీ మధ్యాహ్నం దాకా ఏట్లో నిలబడి, తనని తాను గుంజకి కట్టుకుని, జోకు కూడా సిద్ధం చేసుకున్నాడు. ఇంకొకామె తమ చలికాలపు తిండిని తన చేత్తోనే ఏట్లో కలిపేసి, మర్నాడు మామూలుగా మేకల పాలు పితికింది.

ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు.

అక్క వారించలేదు. మధ్యాహ్నానికి రెండు కొయ్యల మధ్య కంబళి కట్టి, బావని దాని మీద పడుకోబెట్టి, ఈడ్చుకొచ్చి ఒడ్డున దించింది. అంతే, ఏటికి నోరొచ్చినట్టయింది.

"ఆ రాయిని నిలబెడతావేంట్రా? అదేమైనా కాపలా కాయాలా? పడుకోబెట్టు!"

"బావా, నువ్వు కాలు విరగ్గొట్టుకున్నావా, గొంతు పెంచుకున్నావా?"

"విరగ్గొట్టుకున్నానా? విరగ్గొట్టావు! ముందు చిన్నరాళ్ళు దూర్చు. ఆఁ, ఇప్పుడు పెద్దది. లిఫ్టు కాదది, విసిరెయ్యకు, దించు!"

సెలవు అయిపోయింది. పట్నంలో ఫోను మోగుతూనే ఉండి ఉంటుంది. మెకానిక్ రాళ్ళు మోస్తూనే ఉన్నాడు. అరిచేతులు కాయలు కాశాయి. అక్క పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వచ్చి చెయ్యి వేసేది. ఆమె వచ్చిన గంటలో లేచే గోడ, అతనొక్కడూ పూటంతా కష్టపడితే లేచేది. పని మొదలుపెట్టిన ఏడోరోజు గండి పూడింది. గోడ వెనక నీళ్ళు మెల్లగా పైకి లేచి, నోటి వైపు తిరిగాయి. కొత్త బుట్టలో మొదటి చేప పడి తోక కొట్టుకుంది.

"నిలబడింది!" బావ చప్పట్లు కొట్టాడు. "ఒరేయ్, మీ అక్కని పిలు! చూడమను!"

మెకానిక్ పిలవలేదు. నడుం లోతు నీళ్ళలో, గోడ కిందికి చెయ్యి పెట్టి తడుముతున్నాడు.

"బావా, అడుగు వరసలో ఒక రాయి కదులుతోంది. నిన్న చీకటి పడేముందు తొందరలో పెట్టిందే. సరిగ్గా కూర్చోలేదని నిన్ననే అనుమానం వచ్చింది."

"నీళ్ళు ఆగాయిగా. బయటికేం తెలియడంలేదు."

"ఈ ఏడు తెలియదు. వచ్చే వరదకి పోతుంది. పైవి నాలుగు వరసలు తీసి మళ్ళీ పెట్టాలి."

బావ మోచేతి మీద లేచాడు. చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఎండ ఎంతుందో చూశాడు.

"అయితే తియ్యి మరి" అన్నాడు. "ముందు బుట్టలో చేప తీసి ఒడ్డున పడెయ్. భోజనానికి పనికొస్తుంది."

మెకానిక్ చేపని ఒడ్డుకి విసిరి, మొదటి రాయి మీద చేతులు వేశాడు.